ఛార్జింగ్ ఎక్కుతోంది, పాటలే ఎక్కడం లేదు

పాటల ప్లేయర్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తే దాని తెర మీద బ్యాటరీ బొమ్మ నిండుతూ కనబడేది. కంప్యూటర్‌లో మాత్రం కొత్త పరికరం ఒకటి వచ్చి చేరిందన్న ఊసే ఉండేది కాదు. చెన్నై వెస్ట్ మాంబలంలో ఇంటి దగ్గర పిల్లలకు సంగీతం చెప్పే మా మేనత్త ఏళ్ల తరబడి వాడుతున్న ప్లేయర్ అది. లోపల 8 జీబీ మెమరీ, పక్కన మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టుకునే గాడి, కిందివైపు మినీ యూఎస్‌బీ రంధ్రం ఉంటాయి. తయారుచేసిన కంపెనీ ఆ మోడల్‌ను ఎప్పుడో ఆపేసింది. ఇంకా ఇదెందుకు, ఫోన్‌లో వినవచ్చు కదా అని ఇంట్లో అందరూ అన్నవారే. "ఆలాపన మధ్యలో లోన్ కావాలా అని ఎవడో ఫోన్ చేస్తే, తెగిపోయిన రాగాన్ని మళ్లీ ఎక్కడ పట్టుకోను నాయనా?" అని ఆవిడ అడిగిన తరువాత ఆ మాట ఎత్తడం మానేశాం. పైగా ఆ బొత్తాలను ఆవిడ చూడకుండానే నొక్కగలదు. ఒక సంగతిని, అంటే పాటలో ఒక పంక్తిని పాడే ఒక తీరును, వెనక్కి తిప్పి పదిసార్లు వినేవారికి ఆ సౌకర్యం చిన్నది కాదు.

పాటలు ఎక్కించే పని నాది. బావమరిది జర్మనీ నుంచి తిరిగి వస్తూ తెచ్చిన లాప్‌టాప్ నా చేతికి వచ్చిన తరువాత, పాత డెస్క్‌టాప్‌ను పక్కన పెట్టి ఈ పనిని దాని మీదికి మార్చాను. చిక్కంతా అప్పుడే మొదలైంది కాబట్టి కారణం లాప్‌టాప్‌లోనే ఉంటుందనుకోవడం సహజం. తీరా తీగ లాగితే డొంకంతా కదిలింది: ఒకదాని వెనుక ఒకటి దాగి, ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు లోపాలు బయటపడ్డాయి. "సింక్ కావడం లేదు" అనే ఒక్క మాట కింద ఇన్ని రకాల జబ్బులు ఇమిడి ఉంటాయని తెలియకపోతే, ఒకటి బాగుచేసిన తరువాత కూడా ఫలితం కనబడక, చేసిన మంచి పనినే తిరిగి చెడగొట్టుకునే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది, కంప్యూటర్ ఆ పరికరాన్ని అసలు గుర్తిస్తున్నదా లేదా అన్నది. విండోస్‌లో తగిలించిన పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి పెట్టుకుని, ప్లేయర్‌ను తగిలించే క్షణంలో ఆ జాబితాను కనిపెట్టుకుని ఉండాలి. జాబితా ఒకసారి మెరిసినట్టై కొత్త వరుస చేరితే, దాని పక్కన పసుపుపచ్చ హెచ్చరిక గుర్తు ఉన్నా సరే, తీగ చాలావరకు తన పని తాను చేస్తున్నట్టే. జాబితాలో చలనమే లేకపోతే డ్రైవర్ల (పరికరంతో మాట్లాడటానికి కంప్యూటర్‌కు కావలసిన చిన్న సాఫ్ట్‌వేర్ల) జోలికి, సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లడం అనవసరం. నా విషయంలో చలనం లేదు. అదే తీగను పాత డెస్క్‌టాప్‌కు తగిలించి చూసినా లేదు. దానితో అనుమానం లాప్‌టాప్ మీది నుంచి తీగ మీదికి మళ్లింది.

యూఎస్‌బీ 2.0 తీగలో నాలుగు సన్నని తీగలుంటాయి. ఎరుపు, నలుపు రంగులవి కరెంటు కోసం. తెలుపు, ఆకుపచ్చ రంగులవి సమాచారం కోసం. ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చేలా చేసిన చవక తీగల్లో ఆ తెలుపు, ఆకుపచ్చ తీగలను వేయనే వేయరు. వేసినా, ఏళ్ల తరబడి మడతపడుతూ వచ్చిన తీగలో అవి తెగిపోవచ్చు. రెండు సందర్భాల్లోనూ 5 వోల్టుల కరెంటు యథాప్రకారం వస్తూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ నిండుతుంది, వాడేవారికి తీగ నిక్షేపంగా ఉందనిపిస్తుంది. ఛార్జింగ్ గుర్తు తీగ మంచిదనడానికి సగం సాక్ష్యమే. పోయిన సగమే మనకు కావలసినది.

మినీ యూఎస్‌బీ తీగలు ఇప్పుడు మామూలు ఫోన్ దుకాణాల్లో దొరకడం కష్టం. మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. ఆ సందులో కెమెరా తీగల నుంచి టంకం వేసే ఇనుము వరకు దొరకని వస్తువు అరుదు. అడగవలసిన దుకాణం తెలియాలి, అంతే. మొదటి దుకాణంలో ఇచ్చిన తీగ చూడటానికి బాగానే ఉంది గాని, సమాచారం వెళ్తుందా అని అడిగితే "అన్నీ ఒకటే సార్" అన్న జవాబు నన్ను బయటికి పంపింది. రెండో చోట కౌంటర్ వెనుక ఉన్న పెద్దాయన, నేను అత్తయ్యతో ఫోన్‌లో మాట్లాడటం విని తెలుగులోనే పలకరించి, అరచేయంత సర్క్యూట్ బోర్డు ఒకటి బయటికి తీశారు. దానికి ఇరువైపులా అన్ని రకాల యూఎస్‌బీ రంధ్రాలు, మధ్యలో వరుసగా చిన్న ఎర్ర దీపాలు ఉన్నాయి. తీగ రెండు కొసలను దానికి గుచ్చితే లోపల ఏ తీగ అతుకు బాగుందో ఆ దీపం వెలుగుతుంది. నా పాత తీగను పెడితే కరెంటు దీపాలు రెండే వెలిగాయి. కొసను కొద్దిగా వంచినప్పుడు మూడోది ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. "తెగింది సార్, కొనది కాదు, లోపలిది" అన్నారాయన. కొత్త తీగను గుచ్చి దీపాలన్నీ వెలిగిన తరువాతే డబ్బు తీసుకున్నారు. ఆ బోర్డు ధర పెద్దదేమీ కాదని కూడా చెప్పారు. ఇంట్లో పాత తీగల గుట్ట ఉన్నవారు ఒకటి కొనిపెట్టుకోవచ్చు.

కొత్త తీగతో డెస్క్‌టాప్ ప్లేయర్‌ను వెంటనే గుర్తించింది. లాప్‌టాప్‌లో జాబితా కదిలింది, కాని ప్లేయర్ పేరు పక్కన పసుపుపచ్చ గుర్తు పడింది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఏమీ కనబడలేదు. ఇదీ ఒక పురోగతే: తీగ కథ ముగిసింది, ఇక మిగిలింది లాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్. డ్రైవర్‌ను తీసివేసి మళ్లీ వేశాను, యూఎస్‌బీ హబ్ లేకుండా నేరుగా తగిలించాను, ప్లేయర్‌ను ఆపి మళ్లీ వెలిగించాను. మార్పు లేదు. తెలిసిన కుర్రవాడొకడు ప్లేయర్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నాడు. లోపలి పాటలకు మరో ప్రతి లేనప్పుడు ఆ సలహా వినడమంటే మొదటికే మోసం తెచ్చుకోవడం. డెస్క్‌టాప్ గుర్తిస్తున్న ప్లేయర్‌లో దోషం వెతకడంలో అర్థమూ లేదు. డెస్క్‌టాప్ ద్వారా లోపలున్నదంతా ముందుగా ఒక ఫోల్డర్‌లోకి తీసి భద్రపరిచాను.

కీలకం లాప్‌టాప్ సెట్టింగుల్లో, విండోస్ పేరు రాసి ఉన్న చోట దొరికింది. అక్కడ ప్రో అన్న మాట తరువాత ఎన్ అనే ఒంటి అక్షరం ఉంది. యూరోపియన్ కమిషన్ 2004లో ఇచ్చిన పోటీ చట్ట నిర్ణయం ప్రకారం, మీడియా ప్లేయర్ లేకుండా కూడా విండోస్‌ను యూరప్‌లో అమ్మవలసి వచ్చింది. ఆ కూర్పులకే ఎన్ అని గుర్తు. మీడియా ప్లేయర్ ఒక్కటే లేకపోతే పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. దానితో పాటు తీసివేసిన మీడియా భాగాల మీదే, ప్లేయర్‌తో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే ఎంటీపీ అనే పద్ధతి ఆధారపడి ఉండటం వల్ల, అలాంటి కంప్యూటర్‌కు మ్యూజిక్ ప్లేయర్‌నో ఆండ్రాయిడ్ ఫోన్‌నో తగిలిస్తే లోపలి ఫైళ్లు కనబడకుండా పోతాయి. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. అక్కడి చట్టానికి తగ్గట్టు కట్టిన మూట ఇక్కడికి వచ్చి విప్పుకుంది. విదేశం నుంచి వచ్చిన కంప్యూటర్‌తో ఇలాంటి చిక్కు ఎదురైనవారు డ్రైవర్ల కోసం గూగుల్ అంతా గాలించే ముందు ఆ ఒక్క అక్షరం ఉందేమో చూసుకోవాలి. విండోస్ 10లో, 11లో సెట్టింగుల్లోని ఆప్షనల్ ఫీచర్స్ విభాగంలో మీడియా ఫీచర్ ప్యాక్ అని ఉంటుంది. దాన్ని ఎక్కించి కంప్యూటర్‌ను మళ్లీ ప్రారంభించగానే పసుపుపచ్చ గుర్తు పోయి, ప్లేయర్ తన పేరుతో ప్రత్యక్షమైంది.

ఎంటీపీ అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే తరువాతి చిక్కు దానిలోనే ఉంది. పాత ప్లేయర్లు కంప్యూటర్‌తో రెండు పద్ధతుల్లో మాట్లాడగలవు. ఎంఎస్‌సీ, అంటే మాస్ స్టోరేజ్ పద్ధతిలో ప్లేయర్ పెన్‌డ్రైవ్ అయిపోతుంది. దానికి ఒక డ్రైవ్ అక్షరం వస్తుంది, లోపలి ఫైల్ వ్యవస్థ మొత్తం కంప్యూటర్ అధీనంలోకి వెళ్తుంది. ఎంటీపీలో అలా కాదు. అది అల్మారాలకు తాళం వేసి ఉన్న గ్రంథాలయం లాంటిది: కావలసిన పుస్తకం పేరు చీటీ మీద రాసి ఇస్తే లోపలి గుమస్తా తెచ్చి ఇస్తాడు, కొత్త పుస్తకం ఇస్తే తీసుకుని తానే సర్దుతాడు, మనం లోపలికి అడుగు పెట్టలేం. ఫైల్ వ్యవస్థ ఎప్పుడూ ప్లేయర్ చేతిలోనే ఉంటుంది కాబట్టి, తీగ హఠాత్తుగా ఊడినా మొత్తం పాడైపోయే ప్రమాదం తక్కువ. అయితే ఒక పని ముగిశాకే మరొకటి అందుకోవడం దాని స్వభావం. ఒక్క ఫైల్ దగ్గర అది చిక్కుకుంటే వెనుక ఉన్నవన్నీ నిలిచిపోతాయి. మాక్ కంప్యూటర్లకు ఎంటీపీ సొంతంగా రాదు, వేరే సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. ఐపాడ్‌ల దారి ఈ రెండింటికీ భిన్నం. వాటిలో పాటల చిట్టాను ఐట్యూన్స్ వంటి సాఫ్ట్‌వేర్ రాయాలి, ఫైల్‌ను ఊరికే లోపల పడేస్తే పాట వినబడదు. 2001 నుంచి 2022 వరకు అమ్ముడైన ఐపాడ్‌ల గురించిన సలహాలే ఎక్కడ వెతికినా ముందుగా తగులుతాయి గనుక, తమ ప్లేయర్ ఏ జాతిదో తెలియనివారు వాటిని చదివి తికమకపడతారు.

మా ప్లేయర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ మోడ్ అనే చోట ఎంటీపీ, ఎంఎస్‌సీ, ఆటో అని మూడు ఎంపికలున్నాయి. ఆటోలో పెడితే ఒక కంప్యూటర్‌తో ఒక పద్ధతిలో, మరొక దానితో మరొక పద్ధతిలో కలుస్తుంది. ఈ ప్లేయర్‌లో ఎంటీపీ ద్వారా ఎక్కించిన పాటలు ఎంఎస్‌సీ పద్ధతిలో తెరిచినప్పుడు కంప్యూటర్‌కు కనబడవు, అటువి ఇటూ కనబడవు. ప్లేయర్ మాత్రం అన్నిటినీ పాడుతుంది. జాగా సగం నిండి ఉన్నట్టు చూపుతూ ఫోల్డర్లన్నీ ఖాళీగా ఉండటాన్ని చూసి కంగారుపడేవారికి కారణం ఇదే. ఆటో అనే సౌకర్యం మీద నాకు సదభిప్రాయం లేదు. ఏదో ఒక పద్ధతిని ఎంచుకుని దానికే కట్టుబడి ఉండటం నయం.

ప్లేయర్ కనబడుతోంది కదా అని పాటలు ఎక్కించడం మొదలుపెడితే, కొంతవరకు సాఫీగా సాగి ఆగిపోయేది. ప్రతిసారీ కార్డులోకి వెళ్లే పాటల దగ్గరే ఆగుతోందని, లోపలి మెమరీలోకి వెళ్లేవి ఎక్కుతున్నాయని గమనించాక, ఎంఎస్‌సీ పద్ధతికి మార్చి కార్డు డ్రైవ్ మీద, తప్పులు వెతికి సరిచేసే విండోస్‌లోని చెక్‌డిస్క్ నడిపాను. ఎంటీపీలో డ్రైవ్ అక్షరమే ఉండదు కాబట్టి ఈ పరీక్ష అక్కడ కుదరదు. కార్డులో ఏ ఫైల్ ఎక్కడుందో రాసి ఉండే ఫ్యాట్32 పట్టికలో ఒకే జాగా తమదేనని రెండు ఫైళ్లు చెప్పుకుంటున్నట్టు, ఎవరికీ చెందని ముక్కలు కొన్ని మిగిలిపోయినట్టు తేలింది. పాత తీగ అతుకు మిణుకుమిణుకుమంటున్న రోజుల్లో రాత మధ్యలో సంబంధం తెగడం వల్ల జరిగి ఉండాలి. చెక్‌డిస్క్ సరిచేయగలిగింది సరిచేసింది. అయినా ఒకసారి పట్టిక అంతగా చెదిరిన కార్డును నమ్మడం నాకు ఇష్టం లేక, ఫైళ్లను బయటికి తీసి కార్డును పూర్తిగా ఫార్మాట్ చేశాను. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 32 జీబీ వరకు ఉండే ఎస్‌డీహెచ్‌సీ కార్డులు ఫ్యాట్32తో వస్తాయి. 64 జీబీ, ఆపైన ఉండే ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే మరో ఫైల్ వ్యవస్థతో వస్తాయి. ఆ కాలపు ప్లేయర్లలో చాలావాటికి ఎక్స్‌ఫ్యాట్ చదవడం రాదు, కార్డు లేదనే చెబుతాయి. పెద్ద కార్డు కొంటే చాలు అనుకునేవారు దీన్ని దృష్టిలో పెట్టుకోవాలి.

ఫ్యాట్32కు మరొక పరిమితి ఉంది: ఒక్కొక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. సినిమా పాటలు వినేవారికి ఇది ఎన్నడూ అడ్డురాదు. కచేరీ మొత్తాన్ని కుదించకుండా వేవ్ ఫైల్‌గా దాచుకునేవారికి నిమిషానికి 10 ఎంబీ చొప్పున పోతుంది, కాబట్టి మూడు గంటల కచేరీ రెండు జీబీలకు దగ్గరవుతుంది. హద్దు దాటకపోయినా, అంత పెద్ద ఫైల్‌లో ముందుకు వెనక్కి జరపడానికి ఈ ప్లేయర్ ఆపసోపాలు పడుతుంది. అత్తయ్యకు ఒక్కొక్క కీర్తన ఒక్కొక్క ఫైల్‌గా విడగొట్టి, 192 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చి ఇస్తాను. నా చెవికి తేడా తెలియదు, ఆవిడ చెవికి తంబూరా శ్రుతిలో తెలుస్తుందట.

అన్నిటిలోకీ నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది చివరిది. పాటలన్నీ ఎక్కాయి, కంప్యూటర్ పని పూర్తయిందని చెప్పింది, తీగ తీయగానే ప్లేయర్ చిట్టాను తాజాపరుచుకోవడం మొదలుపెట్టి, గీత దాదాపు మూడు వంతులు నిండిన చోట కదలకుండా నిలబడిపోయింది. బొత్తాలు పనిచేయవు. ఆపే బొత్తాన్ని చాలాసేపు నొక్కి పట్టుకుంటే ఆరుతుంది, వెలిగిస్తే మళ్లీ అదే గీత, అదే చోటు. ప్రతి పాటలో దాగి ఉండే ట్యాగులను, అంటే పేరు, గాయకుడు, ఆల్బమ్, అట్ట బొమ్మ వంటి వివరాలను చదివి ప్లేయర్ తన చిట్టా రాసుకునే సమయం అది. ఆ చదువులో ఏదో ఒక ఫైల్ దానికి కొరుకుడు పడటం లేదన్నమాట. ఏ ఫైల్ అన్నది అది చెప్పదు. కార్డు తీసేసి వెలిగిస్తే మామూలుగా పనిచేసింది గనుక దోషి కార్డులోనే ఉంది. పాటల్లో సగాన్ని కంప్యూటర్‌లోకి తీసి, మిగిలిన సగంతో పరీక్షించి, ఆగితే ఆ సగంలోను, ఆగకపోతే తీసిన సగంలోను వెతుకుతూ, మళ్లీ సగం చేస్తూ పోయాను. వెయ్యి ఫైళ్లున్నా ఈ పద్ధతిలో పది విడతలకు మించి పట్టదు. చివరికి ఒక వీణ కచేరీ ఫైల్ మిగిలింది. ప్లేయర్ తెర అగ్గిపెట్టెలో పావు వంతు ఉండదు. ఆ ఫైల్‌లో మాత్రం ఎవరో గోడకు తగిలించుకోదగినంత పెద్ద అట్ట బొమ్మను ఇరికించి పెట్టారు. దాన్ని తీసివేయగానే గీత చివరిదాకా వెళ్లింది.

ట్యాగుల పని ఎటూ మొదలైంది కాబట్టి అన్నిటినీ ఒక కొలిక్కి తెచ్చాను. ఈ ప్లేయర్‌కు ఎంపీ3 పాటల్లో ఉండే ఐడీ3 అనే ట్యాగుల్లో 2.3 కూర్పు బాగా అర్థమవుతుంది, 2.4లో రాసినవాటిని కొన్నిసార్లు పేరు లేని పాటలుగా చూపుతుంది. ఉచితంగా దొరికే ఎంపీ3 ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో అన్నిటినీ 2.3కు మార్చాను. కర్ణాటక సంగీతానికి ఈ ట్యాగుల గదులు సరిపోవు. రాగానికి, తాళానికి చోటు లేదు. రాగాన్ని జాన్రా (సంగీత రకం) అనే గదిలో రాసుకోవడం మా అత్తయ్య పద్ధతి, అది నాకూ నచ్చింది, ఎందుకంటే ఆ జాబితా తెరిస్తే రాగాల వరుస వస్తుంది. వచ్చిన చిక్కల్లా, తోడి రాగాన్ని ఒకరు ఒక స్పెల్లింగుతో, మరొకరు హెచ్ చేర్చి, ఇంకొకరు ముందు హనుమ అని తగిలించి రాయడంతో ప్లేయర్ దాన్ని మూడు రాగాలుగా లెక్కగట్టేది. ప్లేయర్‌లో తెలుగు ఫాంటు లేదు, తెలుగులో రాస్తే వరుసగా డబ్బాలు కనబడతాయి, కాబట్టి ఇంగ్లీషు అక్షరాలే శరణ్యం.

ఏ స్పెల్లింగు ఉంచాలో అత్తయ్యనే అడిగితే, "నువ్వెలా రాసినా ఫరవాలేదు గాని, శంకరాభరణం కింద ఉన్నవాటిలో రెండు బిలహరివి, ముందు వాటిని సరిచెయ్యి" అని చెప్పి పాఠానికి కూర్చుంది. వాటిని మార్చి, ప్లేయర్‌ను ఎంఎస్‌సీ పద్ధతిలోనే స్థిరపరిచి, కార్డుకు ఒక ప్రతిని డెస్క్‌టాప్‌లో ఉంచాను. పాత తీగను కత్తిరించి పారవేశాను. లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని మళ్లీ డ్రాయర్‌లో పెడతారు.